చంద్రుడి మీద ప్లాటు కొన్నారా? లింకు డాక్యుమెంట్లు చూశారా?

పోయిన నెల కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన వీలునామా రాయించుకోవడానికి మా ఆఫీసుకి వచ్చారు. సంచిలోంచి ఫ్లాటు కాగితాలు, ఊళ్లో పొలం పాస్‌బుక్ తీసి, వాటి కింద నుంచి లామినేషన్ చేయించిన ఒక సర్టిఫికెట్ కూడా బయటపెట్టారు. బంగారు రంగు ముద్ర, అక్షాంశం, రేఖాంశం, చంద్రుడి మీద ఒక ఎకరం. అల్లుడు పెళ్లిరోజుకి ఆన్‌లైన్‌లో కొనిచ్చాడట. "ఎకరమంటే 4840 గజాలు కదా లాయర్ గారూ, అమ్మాయిలిద్దరికీ చెరి సగం రాసేద్దాం" అన్నారు. నవ్వొచ్చింది గానీ ఆయన సీరియస్‌గానే ఉన్నారు. టైటిల్ చూసి ఒపీనియన్ ఇవ్వడం నా పని కాబట్టి దాన్నీ అలాగే చూశాను.

అపోహ: చంద్రుణ్ని సొంతం చేసుకోకూడదన్న నిషేధం దేశాలకే, మనుషులకు కాదు.

ఈ వ్యాపారం మొత్తం నిలబడింది ఈ ఒక్క మాట మీద. 1967 అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుణ్ని గానీ మరో గ్రహాన్ని గానీ ఏ దేశమూ తనదనుకోకూడదు, వాడుకుంటున్నామనో ఆక్రమించామనో కూడా సొంతం చేసుకోకూడదు. అందులో వ్యక్తుల మాట లేదు, నిజమే. కానీ మనం ఇక్కడ ఒక ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఒక్కోటీ పట్టుకుని వెనక్కి పోతే చివరికి ఎక్కడ తేలతాం? ఎప్పుడో ఏదో సర్కారు ఇచ్చిన పట్టా దగ్గరో, సర్కారు రికార్డులో ఎక్కిన పేరు దగ్గరో. నీ హక్కుని గుర్తించేదీ, గొడవైతే కోర్టులో నిలబెట్టేదీ రాజ్యమే. చంద్రుడి మీద ఆ మొదటి లింకే లేదు, పట్టా ఇచ్చే సర్కారే అక్కడ ఉండకూడదన్నారు కాబట్టి. అది ప్రభుత్వ భూమి కూడా కాదండీ, కనీసం పోరంబోకు అనడానికి కూడా లేదు. పైగా ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు వాళ్లు అంతరిక్షంలో చేసే పనులకు కూడా వాళ్ల దేశమే బాధ్యత వహించాలి, అనుమతి ఇచ్చి ఓ కంట కనిపెడుతూ ఉండాలి. 1982లో ఈ ఒప్పందాన్ని ఆమోదించిన మన దేశానికీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: 1980లో ఒక అమెరికన్ చంద్రుడు తనదని ఐక్యరాజ్య సమితికి ఉత్తరం రాశాడు, ఎవరూ కాదనలేదు.

రేపు నేను చార్మినార్ నాదని కలెక్టరుకి ఉత్తరం రాస్తాను, జవాబు రాకపోతే నాదైపోతుందా? మన చట్టంలో ప్రైవేటు భూమిని 12 ఏళ్లు బహిరంగంగా అనుభవిస్తే హక్కు వచ్చే దారి ఒకటుంది, దానికైనా స్వాధీనం ఉండాలి. అసలు అక్కడ కాలే పెట్టనివాడు కబ్జాదారు కూడా కాలేడు.

కోర్టుదాకా పోయిన ముచ్చట కూడా ఒకటుంది, నాకు భలే ఇష్టం. ఈరోస్ అనే గ్రహశకలం తనదని ముందే రాసిపెట్టుకున్న ఒకాయన, 2001లో నాసా నౌక దాని మీద దిగగానే పార్కింగ్ ఫీజు 20 డాలర్లు కట్టమని బిల్లు పంపాడు. నాసా కట్టలేదు, ఆయన కేసు వేశాడు, కొట్టేశారు. అప్పీలు కూడా పోయింది.

అపోహ: శివశక్తి పాయింట్ మనదే కదా.

పేరు మనది, నేల కాదు. చంద్రయాన్-3 దిగిన చోటికి మనం పెట్టిన పేరుని 2024లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించింది, అంతవరకే. అమెరికా వాళ్ల జెండాలకూ అదే లెక్క.

అపోహ: అమెరికా 2015లో చట్టం చేసి అమ్మకాలకు దారి తెరిచింది.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా తికమకపడతారు. ఆ చట్టం చెప్పింది తవ్వి తీసిన సరుకు గురించి, నేల గురించి కాదు. సీతాఫలాల సీజన్‌లో మన రోడ్ల పక్కన గంపలు పెట్టుకుని కూర్చునేవాళ్లని చూడండి, గుట్ట వాళ్లది కాదు, కోసి తెచ్చిన పండు వాళ్లది. ఏ ఖగోళ వస్తువు మీదా తాము సార్వభౌమత్వం కోరడం లేదని ఆ చట్టంలోనే స్పష్టంగా రాసుకున్నారు. లక్సెంబర్గ్ 2017లో ఇలాంటి చట్టమే చేసింది. మన 2023 అంతరిక్ష విధానం కూడా ప్రైవేటు సంస్థలు సేకరించిన వనరుల్ని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటోంది, కాకపోతే అది విధానమే, పార్లమెంటు చేసిన చట్టం కాదు. ఇదంతా రెండో అధికరణానికి తూట్లు పొడవడమే అనే లాయర్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ వాదన పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు.

మనం మోసుకెళ్లిన వస్తువు మాత్రం ఎక్కడున్నా మనదే, ఎనిమిదో అధికరణం. చంద్రుడి మీద ఆగిపోయిన సోవియట్ రోవర్ లూనోఖోద్-2ని 1993లో న్యూయార్క్‌లో వేలం వేస్తే ఒకాయన 68,500 డాలర్లకు కొనుక్కున్నాడు. బండి ఆయనది. దాని చక్రాల కింద మట్టి ఎవరిదీ కాదు.

ఇదంతా విని పెద్దాయన కాసేపు ఆ సర్టిఫికెట్టుని అటూ ఇటూ తిప్పి, "అయితే దీన్ని రాయొద్దంటారా?" అన్నారు. అల్లుడి ప్రేమ కదా, పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు. స్థిరాస్తుల్లోంచి కొట్టేసి, ఇంటి సామాన్ల జాబితాలో టీవీ, బీరువాల తర్వాత 'లామినేటెడ్ సర్టిఫికెట్ ఒకటి' అని రాశాం. చెరి సగం కుదరదు కాబట్టి అది పెద్దమ్మాయికి.