హుడ్ పెట్టుకుంటే గీతలు కనపడవు: కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్‌పై అపోహలు – వాస్తవాలు

నేను అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయటికి చూడకుండా ప్యానెల్ మీది మీటర్లను బట్టి విమానం నడపడం, నేర్పుతుంటాను. హైదరాబాద్, విజయవాడ నుంచి పైలట్ అవ్వాలని వచ్చిన మన పిల్లలు, ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఎగిరేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కంట్రోలర్ల అదుపులో ఉండే గగనతలమే కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్; అందులో పెద్ద ఎయిర్‌పోర్టులది క్లాస్ బీ (రేడియోలో 'బ్రావో'), అంతకన్నా చిన్నవాటివి సీ, డీ. డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్–ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్ట్ పైన ఉన్న క్లాస్ బీని నేను వాళ్లకు తిరగేసిన గోపురమని చెబుతాను. మధ్యలో నేల నుంచే మొదలవుతుంది, దూరం పోయేకొద్దీ దాని అడుగుభాగం మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది, పైకప్పు 11,000 అడుగులు. ఆ మెట్ల కిందా, వాటి అంచుల్లోనూ డెంటన్, మెకిన్నీ, ఆడిసన్ లాంటి క్లాస్ డీ ఎయిర్‌పోర్టులున్నాయి. మా ప్రాక్టీసంతా అక్కడే. పొరపాటున గీత (ఎయిర్‌స్పేస్ హద్దు) దాటేదీ అక్కడే.

అపోహ: ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ అంటే ఐఎఫ్ఆర్ (మీటర్లను బట్టి ఎగిరే రూల్స్) కదా, ఎయిర్‌స్పేస్ సంగతి కంట్రోలర్ చూసుకుంటాడు.

చేతిలో ఐఎఫ్ఆర్ క్లియరెన్స్ ఉంటే ఆ మాట చాలావరకు నిజమే. క్లియరెన్స్‌లో ఇచ్చిన దారిలో బ్రావో వచ్చినా మళ్లీ విడిగా అడగక్కర్లేదు. కానీ రేటింగ్‌కు కావాల్సిన 40 గంటల్లో చాలా భాగం మామూలు ఎండరోజున, స్టూడెంట్ కళ్లకు హుడ్ (బయట కనపడకుండా చేసే అడ్డు) పెట్టి, వీఎఫ్ఆర్‌లోనే (బయటికి చూసి ఎగిరే రూల్స్‌లోనే) ఎగురుతాం. స్టూడెంట్‌కు ప్యానెల్ తప్ప ఏమీ కనపడకపోయినా రూల్స్ ప్రకారం ఆ విమానం వీఎఫ్ఆర్ విమానమే. గీత ఎక్కడుందో చూసుకోవడం కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ల పని.

అపోహ: స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మనల్ని గుర్తుపట్టే నంబర్) ఇచ్చి 'రాడార్ కాంటాక్ట్' (రాడార్‌లో కనిపిస్తున్నారు) అన్నారంటే లోపలికి వెళ్లొచ్చు.

నేను ఎక్కువగా దిద్దాల్సి వచ్చేది దీన్నే. క్లాస్ బీలోకి వెళ్లాలంటే మన కాల్‌సైన్‌తో (రేడియోలో మన విమానం పేరుతో) 'క్లియర్డ్ ఇంటూ ద బ్రావో' అనే మాట చెవిన పడాలి. ఫ్లయిట్ ఫాలోయింగ్ (కంట్రోలర్ మనల్ని రాడార్‌లో గమనిస్తూ ఉండే సేవ) ఉన్నా, పది నిమిషాలుగా అదే కంట్రోలర్‌తో మాట్లాడుతున్నా ఆ మాట వినకపోతే పర్మిషన్ లేనట్టే. క్లాస్ సీ, డీలకు రూల్ వేరు. అక్కడ రెండువైపులా మాట కలిస్తే చాలు. మన కాల్‌సైన్ పలికి 'స్టాండ్‌బై' అంటే మాట కలిసినట్టు. 'ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై' అంటే కలవనట్టు, బయటే ఆగాలి. కాల్‌సైన్ పలికినా 'రిమెయిన్ అవుట్‌సైడ్' అని చెప్తే అప్పుడూ బయటే.

ఇందులో మనవాళ్లకు అడ్డొచ్చేది మొహమాటం. కంట్రోలర్ గబగబా మాట్లాడతాడు, సగం అర్థమవుతుంది, మళ్లీ అడిగితే ఏమనుకుంటాడో అని టెన్షన్. ఏమీ అనుకోడు. 'సే అగైన్' రేడియోలో రోజంతా వినిపించే మాటే. అది అనే అలవాటు మొదటి వారంలోనే చేయిస్తాను.

అపోహ: ప్రాక్టీస్ అప్రోచ్‌కు (మీటర్లను బట్టి రన్‌వే వైపు దిగే ప్రాక్టీస్) ఓకే అన్నారంటే మిస్డ్ అప్రోచ్‌కూ (దిగకుండా మళ్లీ పైకి ఎక్కే దారి) అన్నట్టే.

కాదు. వీఎఫ్ఆర్‌లో అప్రోచ్ ప్రాక్టీస్ చేసేటప్పుడు ప్లేట్ (అప్రోచ్ దారి గీసిన చార్ట్) మీదున్న మిస్డ్ అప్రోచ్ ఎగరడానికి విడిగా అడగాలి, వాళ్లు విడిగా ఒప్పుకోవాలి.

నేను ఇన్‌స్ట్రక్టర్‌నైన కొత్తలో ఒక సాయంత్రం, స్టూడెంట్ అప్రోచ్ చాలా చక్కగా ఎగిరాడు. మినిమమ్స్ (అప్రోచ్‌లో దిగొచ్చిన అతి తక్కువ ఎత్తు) దగ్గర పవర్ పెంచి, ముక్కు పైకెత్తి, ప్లేట్‌లో ఉన్నట్టే తిన్నగా 3,000 అడుగులకు ఎక్కడం మొదలుపెట్టాడు. మెచ్చుకుంటూ కూర్చున్నాను. మిస్డ్ గురించి మేమిద్దరం కంట్రోలర్‌ను అడగలేదు. ఎదురుగా ఉన్న బ్రావో మెట్టు అడుగు సరిగ్గా 3,000. ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) ముల్లు 2,700 దాటుతుండగా నాకు వెలిగింది. యోక్ (విమానం స్టీరింగ్) అందుకుని ముక్కు దించాను. గీత దాటలేదు. కానీ ఆ రోజు నుంచి అప్రోచ్ మొదలుపెట్టే ముందే 'దీని తర్వాత ఎటు, ఎంత ఎత్తు?' అని కంట్రోలర్‌ను అడిగిస్తాను, జవాబును మోకాలి ప్యాడ్ మీద రాయిస్తాను. ఇంకో సంగతి: చార్ట్‌లో 110/30 అని ఉంటే పైకప్పు 11,000, అడుగు 3,000 అని అర్థం. సరిగ్గా 3,000లో ఉన్నా లోపల ఉన్నట్టే.

అపోహ: ప్లేట్ చేతిలో ఉంటే చాలు.

అప్రోచ్ ప్లేట్ మీద క్లాస్ బీ, సీ, డీల హద్దులు ఉండవు. 'లో ఎన్‌రూట్' చార్ట్‌లో (తక్కువ ఎత్తు ఐఎఫ్ఆర్ దారుల మ్యాప్) బీ, సీల ఆకారం కనిపిస్తుంది కానీ ఏ మెట్టు ఎంత ఎత్తులో ఉందో దొరకదు. అవి వీఎఫ్ఆర్ సెక్షనల్ చార్ట్‌లో, ఇంకా వివరంగా టెర్మినల్ ఏరియా చార్ట్‌లో ఉంటాయి. అందుకే ఎగిరే ముందు హోల్డింగ్ (ఒకే చోట చుట్లు తిరగడం), ప్రొసీజర్ టర్న్ (వెనక్కి తిరిగి రన్‌వే దారిలోకి రావడం), మిస్డ్ దారి మూడింటినీ టెర్మినల్ చార్ట్ మీద పెన్సిల్‌తో గీయిస్తాను.

గీసేటప్పుడు గాలిని మర్చిపోవద్దు. 90 నాట్ల వేగంతో రెండు నిమిషాల అవుట్‌బౌండ్ (దూరంగా పోయే భాగం) అంటే మూడు నాటికల్ మైళ్లు. వెనక నుంచి 25 నాట్ల గాలి తోస్తే అదే రెండు నిమిషాల్లో దాదాపు 3.8 మైళ్లు పోతాం. హుడ్‌లో ఉన్నవాడికి గడియారం ఒక్కటే కనిపిస్తుంది, అది రెండు నిమిషాలే చూపిస్తుంది.

అపోహ: ఐప్యాడ్‌లో మన విమానం గీతకు బయటే ఉంది కదా.

మ్యాప్‌లో బయట ఉన్నట్టు కనపడితే సరిపోదు, ఎత్తు కూడా చూడాలి. ఆల్టిమీటర్‌లో పొద్దున పెట్టిన గాలి ప్రెషర్ 29.85 అలాగే ఉండి, అసలు ప్రెషర్ 30.05కు పెరిగిందనుకోండి. ముల్లు చూపించేదానికన్నా మనం సుమారు 200 అడుగులు పైన ఉంటాం. అందుకే మెట్టు అడుక్కి కనీసం 300 అడుగులు కిందే ఎగరమంటాను.

అపోహ: సేఫ్టీ పైలట్ (హుడ్ పెట్టుకున్నవాడి పక్కన కూర్చుని బయటికి చూసే పైలట్) పని వేరే విమానాలు కనిపెట్టడమే.

అది సగం పనే. పక్క సీట్లో కూర్చునేవాళ్లకు ఆ రకం విమానానికి రేటింగ్‌తో కనీసం ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలన్నది రూల్. ఫ్రెండ్‌ను తీసుకెళ్లేవాళ్లు నేల మీదే మాట్లాడుకోండి: రేడియో ఎవరిది, మ్యాప్ ఎవరిది, 'గీత రెండు మైళ్లు' అని ఎవరు అరుస్తారు. ఇద్దరూ ఎదుటివాడు చూస్తున్నాడనుకుంటే ఎవరూ చూడనట్టే.

అపోహ: తెలియక దాటితే, ఎవరూ ఏమీ అనకపోతే ఊరుకోవడం మంచిది.

నాసా 1976 నుంచి నడుపుతున్న ఏఎస్ఆర్ఎస్‌కు (విమాన భద్రతా రిపోర్టుల వ్యవస్థ) పది రోజుల్లోపు రిపోర్ట్ పంపండి. మీ వివరాలు తీసేశాకే దాన్ని భద్రతకు వాడతారు. కావాలని చేసింది కాకపోతే, మిగతా షరతులు కూడా సరిపోతే, తర్వాత ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) తప్పని తేల్చినా లైసెన్స్ సస్పెన్షన్, జరిమానా పడకుండా ఆ రిపోర్ట్ కాపాడుతుంది. నా స్టూడెంట్ల చేత అదే రాత్రి రాయిస్తాను: ఏ లెగ్‌లో ఉన్నాం, ఎంత ఎత్తు, కంట్రోలర్ నుంచి విన్న చివరి మాట ఏంటి. తెల్లారితే ఆ చివరి మాట సరిగ్గా గుర్తుండదు.