కొత్త భాష మధ్యలో ఆగిపోయేది పట్టుదల లేక కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పెద్దవాళ్లకు జపనీస్ నేర్పుతుంటాను. హిరగానా, కటకానా అనే జపనీస్ అక్షరాలు దిద్దే మొదటి నెలలో మానేసేవాళ్లు చాలా తక్కువ, మూడో నెల దాటాకే ఒక్కొక్కరుగా కనబడకుండా పోతారు, ఎందుకని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట, "నాకు పట్టుదల లేదండీ" అని. నేనైతే ఆ మాట నమ్మను. వాళ్లను ఆపేవి ఎక్కువసార్లు ఎవరో చెప్పగా విన్న తప్పుడు లెక్కలే.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది, మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటికే.

వాస్తవం: ఆ 21 అన్నది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన రాస్తే, జనం నోళ్లలో పడి ఆ 'కనీసం' కాస్తా జారిపోయింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని గమనిస్తే మధ్యరకం లెక్క 66 రోజులని తేలింది, ఒక్కొక్కరికి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులోనే ఉంది.

నా దగ్గర నేర్చుకునే ఒకామెకు యాప్‌లో 140 రోజుల స్ట్రీక్, అంటే ఒక్క రోజూ తప్పకుండా చేసిన వరస, ఒక రాత్రి జ్వరం వల్ల తెగిపోయింది. ఆ బాధలో మూడు వారాలు పుస్తకమే తెరవలేదు. వచ్చాక పాత పాఠం ఒకటి చదివించాను. 'ఎదురుచూడటం', 'పట్టుకోవడం' అనే కాంజీలు (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు) రెండింటికీ కుడి సగం ఒకటే, అవి తారుమారు చేసింది, ఇంకో మూడింటి దగ్గర ఆగింది. అంతే! అరగంటలో అవీ తిరిగొచ్చాయి. మరిచిపోయినదాన్ని రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ సమయం పడుతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు.

అపోహ: మూడు నెలల్లో గడగడా మాట్లాడేయొచ్చు.

వాస్తవం: అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకు జపనీస్ బాగా రావాలంటే సుమారు 2200 క్లాసు గంటలు కావాలంటుంది. అది ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్ల లెక్క. మన వాక్యంలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి మనకు కొంత సులువు. అయినా రోజుకు అరగంట చొప్పున మూడు నెలలకు అయ్యేది 45 గంటలే. అన్ని గంటల్లో దారి అడిగి, అవతలివాళ్లు చెప్పింది అర్థం చేసుకోగలిగితే మీరు చాలా బాగా నేర్చుకుంటున్నట్టు.

అపోహ: మోటివేషన్ ఉంటేనే కూర్చోగలం.

వాస్తవం: కూర్చున్నాక వచ్చేదే ఎక్కువ. ఒంట్లో బాగాలేని రోజుకి, ఆఫీసులో టెన్షన్ పడ్డ రోజుకి కూడా ఒక చిన్న కొలత పెట్టుకోండి, రెండు వాక్యాలు పైకి చదవడం లాంటిది.

అపోహ: ఆరు నెలలుగా ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను.

వాస్తవం: మొదట నేర్చుకునే మాటలు ప్రతి వాక్యంలోనూ తగులుతాయి, అందుకే రోజురోజుకీ తేడా తెలుస్తుంది. తర్వాతి మాటలు ఎప్పుడో గానీ ఎదురుపడవు, అదే కష్టం పడుతున్నా ఫలితం కంటికి ఆనదు. అందుకని ఈ రోజే రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ వేసి పక్కన పెట్టండి, ఆరు నెలలయ్యాక విందురు గాని.