రాబ్ రాయ్: ఒక స్కాచ్ కాక్‌టెయిల్, దాని చుట్టూ కొన్ని అపోహలు - వాస్తవాలు

రాబ్ రాయ్‌లో ఉండేవి మూడే: స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ), స్వీట్ వెర్మూత్ (మూలికలు వేసిన తియ్యటి వైన్), ఆంగస్టురా బిటర్స్ (చుక్కల్లో వేసే చేదు మూలికల సారం). మన పెగ్గుల లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. స్కాచ్ ఒక లార్జ్, అంటే 60 మి.లీ. వెర్మూత్ ఒక స్మాల్, 30 మి.లీ. బిటర్స్ రెండు డాష్‌లు, అంటే సీసాను రెండుసార్లు విదిలించినంత. మూడొంతులు ఐసు వేసిన గ్లాసులో తిప్పి, ముందే చల్లబరిచిన కాడ గ్లాసులోకి వడకట్టి, ఒక చెర్రీ వేస్తే అయిపోతుంది. సరుకు ఇంత తక్కువ కాబట్టి ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే నాలుకకు తెలిసిపోతుంది. అందరూ ఏ స్కాచ్ వాడాలని అడుగుతారు. మా అనుభవంలో గ్లాసు పాడయ్యేది మాత్రం ఎక్కువగా వెర్మూత్ దగ్గర, ఐసు దగ్గర.

అపోహ: ఇది స్కాట్లాండ్‌లో తరతరాలుగా తాగుతున్న పానీయం.

స్కాచ్ స్కాట్లాండ్‌దే గానీ, కాక్‌టెయిల్ న్యూయార్క్‌ది. రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ (1671–1734) స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌కు చెందిన పశువుల వ్యాపారి, తర్వాత ప్రభుత్వానికి ఎదురు తిరిగినవాడు. ఆయన పేరుతో రెజినాల్డ్ డి కోవెన్ సంగీతం కూర్చిన ఆపరెట్టా (తేలికపాటి సంగీత నాటకం) 1894లో న్యూయార్క్‌లో ఆడింది. పానీయానికి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. దీన్ని మొదట కలిపింది వాల్డార్ఫ్ హోటల్ బార్‌లో అని సాధారణంగా చెబుతారు. నిర్మాణం చూస్తే ఇది మాన్‌హట్టన్ కాక్‌టెయిలే, రై విస్కీ స్థానంలో స్కాచ్ వచ్చిందంతే.

అపోహ: ఎంత ఖరీదైన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ) పోస్తే అంత బాగుంటుంది.

18 ఏళ్ళు షెర్రీ వైన్ పీపాల్లో మగ్గిన మాల్ట్‌లో ఎండుద్రాక్ష, మసాలా రుచులు ముందే ఉంటాయి. స్వీట్ వెర్మూత్‌లోనూ అవే ఉంటాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడి, మీరు డబ్బు పెట్టి కొన్న సున్నితత్వమే కనబడకుండా పోతుంది. ఈ పనికి మంచి బ్లెండెడ్ స్కాచ్, అంటే మాల్ట్, ఇతర ధాన్యాల విస్కీలు కలిపినది చాలు. జానీ వాకర్ బ్లాక్ లేబుల్, డ్యూయర్స్ 12 లాంటివి చక్కగా నిలబడతాయి. మాల్ట్ బలం ఇంకాస్త కావాలంటే మంకీ షోల్డర్ తీసుకోండి. సీసా మీద 12 ఏళ్ళు అని ఉంటే, అందులో కలిపిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు 12 అని అర్థం.

లేబుల్ మాత్రం చదివి కొనండి. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లాండ్‌లోనే తయారై, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. మన దగ్గర తక్కువ ధర విస్కీలు చాలావరకు చెరకు మొలాసిస్ స్పిరిట్ మీద తయారవుతాయి. అందులో కొంచెం స్కాచ్ కలిపినంత మాత్రాన అది స్కాచ్ కాదు. వెర్మూత్ పక్కన దాని రుచి తేలిపోతుంది. ఇక్కడ అమ్మే సీసాల్లో 42.8 శాతం ఆల్కహాల్ ఉండేవి ఎక్కువ. అలాంటివి 40 శాతం వాటికంటే కాస్త ఘాటు కాబట్టి ఐసు మీద ఇంకో ఐదు సెకన్లు తిప్పండి.

అపోహ: స్కాచ్ అంటేనే పొగ వాసన.

మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వితీసి ఎండబెట్టే కుళ్ళిన మొక్కల మట్టి) మంట మీద ఆరబెడితేనే ఆ పొగ పడుతుంది. స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు విస్కీల్లో చాలావాటికి అది ఉండదు. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్‌లలో దట్టంగా ఉంటుంది. ఆ రకం 60 మి.లీ. పోస్తే వెర్మూత్ ఊసే ఉండదు. పొగ ఇష్టమైతే 50 మి.లీ. బ్లెండెడ్, 10 మి.లీ. ఐలా మాల్ట్ పోయండి. ఈ పాళ్ళు మాకు బాగా నచ్చినవి.

అపోహ: వెర్మూత్ కూడా విస్కీలాగే అల్మారాలో ఏడాది ఉంటుంది.

ఇంట్లో చేసే రాబ్ రాయ్‌లను ముంచేది ఇదే. వెర్మూత్ అంటే మూలికలు వేసి, కొంచెం స్పిరిట్ కలిపిన వైన్. ఆల్కహాల్ 15 నుంచి 18 శాతం. 40 శాతం దాటిన విస్కీకి ఉన్న రక్షణ దీనికి లేదు. మూత తీసిన క్షణం నుంచి గాలి దీన్ని తినేస్తుంది, వేడి ఆ పనిని తొందర చేస్తుంది. మన వేసవిలో బయట వదిలేసిన సీసా కొన్ని వారాల్లోనే చచ్చుబడిపోతుంది. ముందు పూల వాసన, వెనిలా వాసన పోతాయి. తర్వాత పాతబడ్డ ఎండుద్రాక్షలా పులుపు తిరుగుతుంది, రంగు మట్టిగా మారుతుంది.

మూత తీశాక ఫ్రిజ్‌లో, నిలబెట్టి పెట్టాలి. నెలలోపు వాడితే మంచిది, రెండు నెలలు దాటనివ్వకండి. 750 మి.లీ. సీసా కొంటే, కొన్న రోజే సగం ఒక చిన్న సీసాలోకి అంచుదాకా నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలికి చోటు లేదు కాబట్టి ఆ సగం తాజాగా ఉంటుంది. కలిపే ముందు ప్రతిసారీ ఒక చెంచా విడిగా రుచి చూడండి. విడిగా తాగబుద్ధి కానిది గ్లాసులోకి పోయకండి, ఎంత మంచి స్కాచ్ అయినా దాన్ని కప్పలేదు.

బ్రాండ్ మారితే కొలతా మారుతుంది. మార్టినీ రోసో తేలిక, 30 మి.లీ. సరిపోతుంది. కార్పానో ఆంటికా చిక్కన, వెనిలా ఎక్కువ, 22 నుంచి 25 మి.లీ. చాలు. పుంత్ ఎ మెస్ సహజంగానే చేదు కాబట్టి బిటర్స్ ఒక డాష్ తగ్గించండి.

అపోహ: ‘పర్ఫెక్ట్’ రాబ్ రాయ్ అంటే అన్నిటికంటే బాగా కుదిరినది.

కాదు. వెర్మూత్ సగం స్వీట్, సగం డ్రై, అంటే 15, 15 మి.లీ. వేసినది పర్ఫెక్ట్. మొత్తం డ్రై వెర్మూత్ వేస్తే డ్రై రాబ్ రాయ్, దానికి చెర్రీ బదులు లెమన్ (పెద్ద పసుపు నిమ్మ) తొక్క.

అపోహ: షేకర్‌లో గట్టిగా ఊపితేనే కాక్‌టెయిల్. ఐసు తక్కువైతే నీళ్ళు తక్కువ.

నిమ్మరసం, గుడ్డు తెల్లసొన, క్రీమ్ ఉన్నవాటిని ఊపాలి. రాబ్ రాయ్‌ని ఊపితే గాలి బుడగలు, ఐసు నలుసులు చేరి మసకబారుతుంది, నాలుక మీద పలచగా అనిపిస్తుంది. స్పూనుతో తిప్పితే పట్టులా జారుతుంది.

రెండు ముక్కలు వేసి తిప్పితే అవి కరిగిపోతాయి, పానీయం మాత్రం చల్లబడదు. గ్లాసులో మూడొంతులు గట్టి పెద్ద ముక్కలు నింపండి. ఫ్రీజర్‌లోంచి తీసి చాలాసేపైన ఐసు మీద నీళ్ళు చేరి ఉంటాయి, వాటిని వంపేయండి. పైగా ఐసు పక్కవాటి వాసన పీలుస్తుంది. చేపలున్న ఫ్రీజర్‌లోని ఐసు గ్లాసులోనూ చేపనే గుర్తుచేస్తుంది, కాబట్టి మూత ఉన్న డబ్బాలో కట్టించండి. 25 నుంచి 30 సెకన్లు నిదానంగా తిప్పితే సుమారు 25 మి.లీ. నీళ్ళు చేరతాయి. అవి వృథా కావు, ఘాటు తగ్గి మూలికల వాసన విచ్చుకునేది వాటితోనే. వడకట్టే గ్లాసును 15 నిమిషాల ముందే ఫ్రీజర్‌లో పెట్టండి.

అపోహ: చెర్రీ ఏదైనా ఒకటే, బిటర్స్ లేకపోయినా ఫరవాలేదు.

మన బేకరీల్లో కేకుల మీద కనిపించే మెరిసే ఎర్ర చెర్రీ చాలాసార్లు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. కేకు మీద బాగుంటుంది, ఇక్కడ మాత్రం రంగు వదిలి తీపి పెంచుతుంది. లుక్సార్డో లాంటి ముదురు రంగు చెర్రీ దొరకకపోతే నారింజ తొక్క ముక్కను గ్లాసు మీద పిండండి. మన చిన్న నిమ్మకాయ తొక్క వద్దు, దాని ఘాటు అన్నిటినీ మింగేస్తుంది. బిటర్స్ లేకపోతే తీపి, స్కాచ్ విడివిడిగా ఉండిపోతాయి. కొత్త సీసా నుంచి డాష్ చిన్నగా పడుతుంది, సగమైన సీసా నుంచి పెద్దగా, చూసి వేయండి.

అపోహ: తియ్యగా ఉంది కాబట్టి తేలిక.

పై కొలతలతో ఒక గ్లాసులో దాదాపు 30 మి.లీ. శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. బ్రిటన్ లెక్కలో సుమారు 3 యూనిట్లు. అక్కడి వైద్యాధికారులు వారం మొత్తానికి దాటొద్దని చెప్పేది 14. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టపరమైన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా., ఒక్క రాబ్ రాయ్‌తో అది దాటిపోవచ్చు. తాగిన రోజు బండి తాళాలు ముట్టుకోకండి.

అపోహ: ముందే కలిపి పెడితే పాడవుతుంది.

పులుపు, గుడ్డు, పాలు లేవు కాబట్టి పాడవదు. ఆరుగురికి: స్కాచ్ 360 మి.లీ., వెర్మూత్ 180, బిటర్స్ 12 డాష్‌లు, ఐసు నుంచి రావాల్సిన నీటి బదులు 140 మి.లీ. మంచినీళ్ళు. 750 మి.లీ. సీసాలో సరిపోతుంది. ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డించే ముందు రెండు గంటలు ఫ్రీజర్‌లోకి మార్చండి. నీళ్ళు చేరినందువల్ల రాత్రంతా అక్కడే వదిలేస్తే నలుసులుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది. తీశాక ఒకసారి మెల్లగా తలకిందులు చేసి, ఐసు లేకుండా చల్లటి గ్లాసుల్లోకి తలా 115 మి.లీ. చొప్పున పోయండి.