శ్రీహరికోట గేటు బయటివాళ్లకు తెరుచుకోవడానికి 50 ఏళ్లు ఎందుకు పట్టింది?

2022 నవంబర్ 18 ఉదయం శ్రీహరికోట నుంచి ఒక చిన్న రాకెట్ లేచింది. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. అదే దీవిలో నిలబడే 640 టన్నుల ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం-3 పక్కన పెడితే ఆటబొమ్మలా ఉంటుంది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, దాదాపు ఐదు నిమిషాల్లో బంగాళాఖాతంలో పడిపోయింది. కక్ష్యలోకి వెళ్లలేదు, వెళ్లాలని పంపలేదు కూడా. అయినా ఆ రోజు టీవీల్లో అదే వార్త. ఎందుకంటే అది ఇస్రో రాకెట్ కాదు, హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్.

ప్రైవేటు కంపెనీ రాకెట్ కట్టిందని అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం అందులో పెద్ద వింత కనిపించలేదు. రాకెట్ భాగాలు కట్టడం మన ప్రైవేటువాళ్లకు కొత్త కాదు. ఆ రాకెట్ నిలబడిన చోటే అసలు కొత్త సంగతి.

హైదరాబాద్ బాలానగర్ వైపు వెళ్తే ఈ పాత కథ తెలుస్తుంది. 1970లో మొదలైన ఎంటార్ కంపెనీ అక్కడి మెషిన్ షాపుల్లో ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజిన్లకు పనిచేస్తూ వచ్చింది. ఫ్రాన్స్‌తో 1974లో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన వైకింగ్ ఇంజిన్ పరిజ్ఞానమే మన దగ్గర వికాస్ అయింది. ఊరికి ఇంకో చివర కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిధాని ప్రత్యేక లోహాలు ఇస్తుంది. ముంబై విక్రోలిలో గోద్రెజ్, ఇంకా ఎల్ అండ్ టీ ఉన్నాయి. 1992లో పావులూరి సుబ్బారావు పెట్టిన అనంత్ టెక్నాలజీస్ ఎలక్ట్రానిక్స్ వైపు వచ్చింది. ఇలా చిన్నా పెద్దా వందల కంపెనీలు పనిచేస్తూ వచ్చాయి.

అయితే ఇదంతా బాలానగర్ భాషలో చెప్పాలంటే జాబ్ వర్క్. డ్రాయింగ్ ఇస్రోది, ఇన్‌స్పెక్షన్ ఇస్రోది. చెప్పిన కొలతకు చెప్పినట్టు చేసి ఇచ్చి బిల్లు పెట్టుకోవాలి. ఏడాదికి నాలుగైదు రాకెట్లు ఎగిరే దేశంలో ఆ బిల్లుల మీదే ఆధారపడి ఏ కంపెనీ పెద్దది కాలేదు. అందుకే ఎంటార్ లాంటివి అణువిద్యుత్ పనులు, రక్షణ పనులు కూడా చేస్తూ నిలబడ్డాయి. రాకెట్ ఎలా చేయాలో తెలిసినవాళ్లు నలభై ఏళ్లుగా ఉన్నారు. ‘ఇది నా రాకెట్, నేను అమ్ముతాను’ అనే హక్కే వాళ్లకు ఉండేది కాదు.

అమ్మే హక్కు ఒక్కరికే ఉండేది. 1992లో అంతరిక్ష శాఖ కింద, ఇస్రో సేవలను అమ్మిపెట్టే ప్రభుత్వ కంపెనీ యాంట్రిక్స్ పుట్టింది. 1999 మే 26న ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ2 మన ఓషన్‌శాట్‌తో పాటు కొరియా, జర్మనీల చిన్న ఉపగ్రహాలు రెండింటిని డబ్బు తీసుకుని మోసుకెళ్లింది. బస్సు ఎలాగూ వెళ్తోంది, ఖాళీ సీట్లు అమ్ముకుందాం అన్నట్టు ఉండేది ఆ వ్యాపారం. మొత్తం బస్సునే మాట్లాడుకున్న మొదటి విదేశీ ప్యాసింజర్ 2007లో ఇటలీ ఉపగ్రహం ఎజిలే. 2017 ఫిబ్రవరి 15న ఒకే పీఎస్‌ఎల్‌వీలో 104 ఉపగ్రహాలు వెళ్లాయి. వాటిలో 101 విదేశాలవి, 88 ఒక్క అమెరికా కంపెనీ ప్లానెట్‌వే. ప్రపంచ రికార్డు అని పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి.

ఆ రికార్డు నాలుగేళ్లు కూడా నిలవలేదు. 2021 జనవరిలో అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ ట్రాన్స్‌పోర్టర్-1 పేరుతో ఒకేసారి 143 ఉపగ్రహాలు పంపింది. మన ఖాళీ సీట్ల వ్యాపారాన్నే వాళ్లు టైం టేబుల్ పెట్టి, రేటు వెబ్‌సైట్‌లో రాసిపెట్టి మొదలుపెట్టారు. పైగా రాకెట్ కింది భాగం దిగివచ్చి మళ్లీ ఎగురుతుంది. 2015 డిసెంబర్‌లో మొదటిసారి దించిన ఆ బూస్టర్ చిన్న ఉపగ్రహాల మార్కెట్‌లో లెక్కలన్నీ మార్చేసింది. ఆఖరికి బెంగళూరు కంపెనీ పిక్సెల్ కూడా తన ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలను 2025 జనవరిలో అమెరికా నుంచే పంపుకుంది.

మనం అప్పటికే ఎందుకు వేగం పెంచలేదని అడిగితే సగం జవాబు దేవాస్‌లో ఉంది. 2005లో యాంట్రిక్స్, బెంగళూరుకు చెందిన దేవాస్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. రెండు ఉపగ్రహాల ఎస్-బ్యాండ్ (ఒక రకం రేడియో తరంగాల) సామర్థ్యాన్ని ఇస్తామన్నది దాని సారం. 2జీ స్పెక్ట్రం కేటాయింపుల గొడవ నడుస్తున్న 2011 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ 2015లో దేవాస్‌కు 56 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలంది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు, ఆ కంపెనీ పుట్టుకే మోసం అంటూ దాని మూసివేతను సమర్థించింది. తప్పెవరిదన్న వాదన అలా ఉంచితే, ఆ పదేళ్లలో ప్రైవేటు ఫైలు మీద సంతకం పెట్టాలంటే అధికారులకు టెన్షన్. భయపడే ఆఫీసులో కొత్త వ్యాపారం పుట్టదు.

2019 మార్చిలో ఇస్రో వ్యాపారం చూసే కొత్త ప్రభుత్వ కంపెనీ ఎన్‌సిల్ (న్యూస్పేస్ ఇండియా) వచ్చింది. 2020 జూన్ 24న కేంద్ర క్యాబినెట్ ప్రైవేటు కంపెనీలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్‌కు ఆమోదం చెప్పింది. 2023 ఏప్రిల్‌లో అంతరిక్ష విధానం, 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడుల సడలింపు వరసగా వచ్చాయి. ఉపగ్రహాల తయారీలో 74 శాతం, రాకెట్లు, స్పేస్‌పోర్టుల్లో 49 శాతం వరకు విదేశీవాళ్లు ప్రభుత్వ అనుమతి అడగకుండా నేరుగా పెట్టుకోవచ్చన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2022లో తన స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్‌లో ఆవిష్కరించింది. మెటావర్స్ మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు గానీ, స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటివి హైదరాబాద్‌లో నిలదొక్కుకున్నాయి.

ఈలోగా అదృష్టం ఒకటి తలుపు తట్టింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్‌కు రష్యా రాకెట్లు దూరమయ్యాయి. దాని ఉపగ్రహాలు 36 కజకిస్తాన్‌లోని బైకనూరు ప్రయోగ కేంద్రంలోనే చిక్కుకుపోయాయి. భారతీ గ్రూప్ పెట్టుబడి ఉన్న ఆ కంపెనీ ఎన్‌సిల్ దగ్గరికి వచ్చింది. 2022 అక్టోబర్, 2023 మార్చిల్లో రెండు ఎల్‌వీఎం-3లు 72 ఉపగ్రహాలను మోశాయి. బరువైన రాకెట్‌కు అది మొదటి వాణిజ్య బేరం. ఇంకో వైపు, 4,700 కిలోల మన సొంత సమాచార ఉపగ్రహం జీశాట్-ఎన్2ను ఎల్‌వీఎం-3 కావలసిన కక్ష్యకు మోయలేక 2024 నవంబర్‌లో ఫ్లోరిడా తీసుకెళ్లి స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9లో పంపాల్సి వచ్చింది. రెండేళ్ల తేడాలో మనమే అమ్మినవాళ్లం, మనమే కొనుక్కున్నవాళ్లం.

ఇప్పుడు నేల సంగతికి వద్దాం. సూళ్లూరుపేటలో రైలు దిగి తూర్పుకు వెళ్తే పులికాట్ సరస్సు మీదుగా రోడ్డు. చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు. రోడ్డు చివర చెక్‌పోస్టు, దాని అవతల దీవి. 1968లో విక్రమ్ సారాభాయ్ సూచనతో శాస్త్రవేత్త ఈ.వి. చిట్నిస్ తూర్పు తీరమంతా వెతికి ఎంచిన చోటిది. సరుగుడు, యూకలిప్టస్ తోటలు, యానాది కుటుంబాలు తప్ప అప్పట్లో అక్కడ పెద్దగా ఏమీ లేదు. తూర్పున సముద్రం ఉంది కాబట్టి రాకెట్ ముక్కలు మనుషుల మీద పడవు. ఆ అక్షాంశంలో భూమి తిరిగే వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు ఊరికే కలిసొస్తుంది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదట ఎగిరినవి కూడా కక్ష్యలోకి వెళ్లని చిన్న రోహిణి రాకెట్లే. యాభై ఒక్క ఏళ్ల తరవాత విక్రమ్-ఎస్ ఎగిరింది కూడా ఇలాంటి చిన్న పరిశోధన రాకెట్ల (సౌండింగ్ రాకెట్ల) ప్యాడ్, అంటే ప్రయోగ వేదిక నుంచే.

దీవి పెద్దదే, 43 వేల ఎకరాలకు పైనే. కక్ష్యలోకి పంపే పెద్ద ప్యాడ్లు మాత్రం రెండే. జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం-3 రెండూ 2005 నుంచి వాడుతున్న రెండో ప్యాడ్ మీదే ఆధారపడ్డాయి. దానికేదైనా అయితే ప్రత్యామ్నాయం లేదు. 2025 జనవరిలో 3,984.86 కోట్లతో మూడో ప్యాడ్‌కు క్యాబినెట్ ఒప్పుకోవడానికి ఇదొక కారణం. నాలుగేళ్లలో పూర్తి చేస్తామన్నారు.

శ్రీహరికోటకు ఇంకో చిక్కుంది. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు దక్షిణం వైపు పంపాలి. దక్షిణాన శ్రీలంక ఉంది. కాబట్టి రాకెట్ ముందు ఆగ్నేయంగా వెళ్లి, లంకను తప్పించుకుని, అప్పుడు మలుపు తిరగాలి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. పీఎస్‌ఎల్‌వీ భరిస్తుంది. 500 కిలోలు మోసే ఎస్‌ఎస్‌ఎల్‌వీ లాంటి చిన్న రాకెట్‌కు అదే ప్రాణాంతకం, మోయగలిగే బరువులో పెద్ద వాటా దారిలోనే పోతుంది. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరి 28న కొత్త కేంద్రానికి శంకుస్థాపన చేసింది అందుకే. అక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి పంపితే అడ్డం సముద్రమే. చిన్న రాకెట్ల కంపెనీలకు పాలసీ కాగితాల కన్నా ఆ ఊరే ముఖ్యం.

సొంత ప్యాడ్ మొదట కట్టుకున్న ప్రైవేటు కంపెనీ ఒకటుంది. చెన్నై కంపెనీ అగ్నికుల్ శ్రీహరికోటలోనే చిన్న ప్యాడ్, నాలుగు కిలోమీటర్ల దూరంలో కంట్రోల్ సెంటర్ పెట్టుకుంది. నాలుగుసార్లు ఆఖరి ఘడియల్లో ఆగిపోయి, ఐదోసారి 2024 మే 30 ఉదయం, త్రీడీ ప్రింటింగ్‌లో ఒకే ముక్కగా చేసిన ఇంజిన్‌తో రాకెట్ లేచింది. రాకెట్ వాళ్లదే, ప్యాడ్ వాళ్లదే. దారి తప్పితే గాల్లోనే ఆపేసే వ్యవస్థ మాత్రం ఇస్రో ఇచ్చింది. ప్రయోగ ప్రాంతం (రేంజ్) భద్రత, రాడార్లు కూడా ఇస్రోవే. స్కైరూట్ అయినా అంతే. 2025 నవంబర్‌లో ప్రధాని ప్రారంభించిన హైదరాబాద్ ఇన్ఫినిటీ క్యాంపస్ నెలకో రాకెట్ తయారుచేయగలదంటున్నారు. నెలకో రాకెట్ చేయడం ఒక ఎత్తు, నెలకో తేదీ దొరకడం ఇంకో ఎత్తు.

2025 ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు ప్రధాని, ఐదేళ్లలో ఏడాదికి 50 ప్రయోగాలకు చేరగలమా అని అడిగారు. అంటే దాదాపు వారానికొకటి. ఇప్పుడు ఏడాదికి ఐదారు ఎగిరితేనే, ప్రయోగం ఉన్న రోజున ఆ తీరంలో మత్స్యకారులు పడవలు ఒడ్డుకు లాగి కూర్చుంటున్నారు. యాభై ప్రయోగాల లెక్కలో వాళ్ల వేట రోజులు ఎన్ని పోతాయన్నది ఇంకా ఏ పాలసీ కాగితంలోనూ నాకు కనిపించలేదు.