ముస్తఫా ఎందుకు లావెక్కాడు? పాత ఆర్కేడ్ బొమ్మల వెనక కథ

తొంభైల్లో వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరిగినవాళ్లకి 'ముస్తఫా గేమ్' అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ గేమ్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. ఆడేవాళ్లు ఎంచుకోవడానికి నలుగురున్నా మన దగ్గర ఆటకి ఒకడి పేరే స్థిరపడింది. ఇప్పుడు అదే ఆటని ఎమ్యులేటర్‌లో, అంటే పాత గేమ్ యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే ఏదో తేడా కొడుతుంది. ముస్తఫా భుజాలు పక్కలకి సాగి ఉంటాయి, నడుస్తుంటే ఒంటి చుట్టూ ఉన్న నల్లగీత ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా మారుతుంది. అప్పట్లో గ్రాఫిక్స్ అంతేలే అని సరిపెట్టుకుంటాం. కానీ బొమ్మ గీసినవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు గీసింది ఒక రకం పిక్చర్ ట్యూబ్ కోసం, మనం చూస్తున్నది ఇంకో రకం తెర మీద.

ఆర్కేడ్ బొమ్మ, అంటే షాపుల్లో ఉండే గేమ్ యంత్రం తెర మీది బొమ్మ, పుట్టినప్పటి నుంచీ ఇంతే. ఆటని నడిపే సర్క్యూట్ బోర్డు, ట్యూబ్, చుట్టూ ఉన్న పెట్టె, మూడూ కలిస్తేనే బొమ్మ.

1978లో టైటో కంపెనీకి టొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌నే చూడండి. తెరంతా 256×224 పిక్సెళ్లు, ఒక్కోదానికి ఒక్క బిట్, మొత్తం 7,168 బైట్లు. అంటే పిక్సెల్ వెలగాలి లేదా ఆరాలి, రంగన్న మాటే లేదు. మరి ఆకుపచ్చ ఎక్కడిది? తెర మీద సెల్లోఫేన్ పట్టీ అతికించారు. అందుకే పైన తెల్లగా ఉన్న శత్రువు కిందికి దిగి పట్టీ వెనక్కి రాగానే ఆకుపచ్చగా మారిపోతాడు. నిలువు పెట్టెలో అయితే మానిటర్ ఆటగాడికి ఎదురుగా కూడా ఉండదు. దాని బొమ్మ సగం పారదర్శకంగా ఉండే అద్దంలో పడుతుంది, ఆ అద్దం వెనక చంద్రుడి నేల బొమ్మ ఉంటుంది. శత్రువులు ఆ నేల మీద గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తారు. ఈ రోజు నల్లటి తెర మీద ఆ ఆట చూసేవాళ్లకి అందేది సగం బొమ్మే.

తర్వాత వచ్చిన నామ్‌కో కంపెనీ బోర్డుల్లో రంగు బోర్డులోనే పుట్టింది, కానీ లెక్కపెట్టి ఇచ్చారు. టోరు ఇవాటాని బృందం 1980లో చేసిన ప్యాక్-మ్యాన్ తెర 224×288. దాన్ని 8×8 గళ్లుగా కోస్తే 28 నిలువు వరసలు, 36 అడ్డ వరసలు వస్తాయి. కదిలే బొమ్మ ఒక్కోటి 16×16. అందులో వాడగలిగింది మూడు రంగులు, నాలుగోది పారదర్శకం. దయ్యాన్ని దగ్గరగా చూడండి: ఒంటికి ఒక రంగు, కంటికి తెలుపు, కనుపాపకి నీలం. అక్కడితో మూడూ అయిపోయాయి. ఇక నోరు గీయడానికి రంగు మిగల్లేదు. ఉన్న భావమంతా కనుపాప ఎటు తిరిగిందన్న దాంట్లోనే ఉంది, దయ్యం ఎటు వెళ్లబోతోందో కూడా అదే చెబుతుంది. ఇంత పొదుపుగా ఇంత పని చేసిన బొమ్మ ఆర్కేడ్‌లో ఇంకోటి లేదని మా అభిప్రాయం.

ఆ రంగులు 32 బైట్ల చిన్న చిప్‌లో ఉంటాయి. ఒక్కో రంగుకి ఒక బైటు: ఎరుపుకి 3 బిట్లు, ఆకుపచ్చకి 3, నీలానికి 2. ఒక్కో బిట్టు ఒక్కో రెసిస్టర్ గుండా మానిటర్‌కి వెళుతుంది. ఎరుపు, ఆకుపచ్చలకి 1000, 470, 220 ఓములు, నీలానికి 470, 220. రిపేరు చేసేవాళ్లకి ఇది తెలిసి ఉండాలి. ఎరుపు దారిలో 220 ఓముల రెసిస్టర్ సోల్డరింగ్ ఊడితే పోయేది ఆ రంగులో పెద్ద వాటా. ఎరుపంతా మసకబారుతుంది, తెలుపు నీలిపచ్చకి జారుతుంది. ట్యూబ్ పోయిందనుకుని మానిటర్ విప్పేముందు ఈ ఎనిమిది రెసిస్టర్లని మీటరుతో చూసుకోవడం మంచిది.

మరుసటి ఏడు నింటెండో ఆట డాంకీ కాంగ్‌లో షిగెరు మియామోటో ఎదుర్కొన్నదీ కొద్ది పిక్సెళ్లలో, కొద్ది రంగుల్లో బొమ్మ గీయాల్సిన ఈ ఇబ్బందే. జుట్టు గీయడం కష్టమని టోపీ, నోరు కనపడదని మీసం, చేతుల ఊపు తెలియాలని ఓవరాల్స్ (భుజాల పట్టీల ప్యాంటు) పెట్టాడు. మారియో రూపం అలా వచ్చింది.

ఇదే కాలంలో అటారీ వాళ్ల వెక్టర్ ఆటలు, అంటే బొమ్మంతా గీతలతోనే గీసే ఆటలు, అసలు పిక్సెల్ జోలికే పోలేదు. యాస్టరాయిడ్స్ (1979), రంగుల్లో టెంపెస్ట్ (1981). పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఎలక్ట్రాన్ కిరణం వరస వెంట వరస తెరంతా తిరుగుతుంది. వీటిలో మాత్రం కలం పట్టుకుని గీసినట్టు, గీత ఉన్న చోటికే వెళుతుంది. కిరణం ఒక చోట కాస్త ఆగితే అక్కడ వెలుగు పేలిపోతుంది. యాస్టరాయిడ్స్‌లో తూటా అంటే ఆ మెరుపు చుక్కే. చీకటి గదిలో ఆ చుక్కని చూసినవాళ్లు మర్చిపోరు. మామూలు ఫ్లాట్ తెర తెలుపు ఎంత పెంచినా అది రాదు.

ఆ అందానికి ప్రమాదం కూడా ఉంది. కిరణాన్ని తిప్పే సర్క్యూట్ ఆగిపోతే అది తెర మధ్యలో నిలిచిపోయి ఫాస్ఫర్‌ని, అంటే కిరణం తగిలితే వెలిగే లోపలి పూతని, కాల్చేస్తుంది. అందుకే స్పాట్ కిల్లర్ అని ఒకటి పెట్టారు. కదలిక ఆగగానే అది కిరణాన్ని ఆపి ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిస్తుంది. ఎల్‌ఈడీ వెలిగిందంటే స్పాట్ కిల్లర్ చెడిపోయిందని కాదు, తన పని తాను చేస్తోందని. చూడాల్సింది కిరణాన్ని తిప్పే డిఫ్లెక్షన్ ట్రాన్సిస్టర్లు, వాటికొచ్చే ప్లస్, మైనస్ వోల్టేజీలు, గేమ్ బోర్డు నుంచి వచ్చే ఎక్స్, వై సిగ్నళ్లు. స్పాట్ కిల్లర్‌ని తప్పించి ఆన్ చేస్తే ట్యూబ్ మీద మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. ఆ ట్యూబులు ఇప్పుడు కొత్తవి తయారవడం లేదు.

ఇక ముస్తఫా దగ్గరికి వద్దాం. క్యాప్‌కామ్ 1988లో సీపీఎస్-1 బోర్డు తెచ్చింది. ముస్తఫా గేమ్ నడిచింది దానికే కొంచెం మెరుగులు దిద్దిన బోర్డు మీద. పిక్సెళ్లు సెకనుకి 80 లక్షల చొప్పున బయటికొస్తాయి, సెకనుకి 15,625 వరసలు. అంటే వరసకి 512, వాటిలో కనిపించేవి 384. నిలువుగా 224. ఈ 384×224ని 4:3 ట్యూబ్‌లో నింపితే పిక్సెల్ చదరంగా ఉండదు. 9 వంతుల ఎత్తుకి 7 వంతుల వెడల్పు వస్తుంది. ఈ ఆటకి మూలం మార్క్ షుల్ట్జ్ నల్ల సిరాతో గీసిన కామిక్. ఆ పద్ధతిలోనే పాత్ర చుట్టూ ముదురు గీత, ఒక్కో బొమ్మకి 15 రంగులు, వెనక మూడు పొరల దృశ్యం. ముగ్గురు ఆటగాళ్లు, రౌడీలు, డైనోసార్లు ఒకేసారి కలబడినా ఎవరెక్కడున్నారో తెలిసేది ఆ గీత వల్లే. పిక్సెల్ సన్నం కాబట్టి నిలువు గీత అడ్డగీత కన్నా సన్నగా పడుతుంది, కుంచెతో లాగినట్టు.

చదరపు పిక్సెళ్ల తెర మీద ఇదంతా పోతుంది. 384×224ని నాలుగింతలు చేస్తే 1536×896. రావాల్సిన వెడల్పు 1195 మాత్రమే. ముస్తఫా దాదాపు 29 శాతం లావెక్కేది ఇక్కడే.

సెట్టింగ్స్‌లో 4:3 పెడితే ఒళ్లు తగ్గుతుంది కానీ గీత వణుకుతుంది. 1195లో 384 నిలువు వరసలు సమానంగా పట్టవు. మూడేసి చొప్పున పంచితే 1152, ఇంకా 43 మిగులుతాయి. దాంతో 43 వరసలు నాలుగు పిక్సెళ్ల మందం, మిగతావి మూడు. ముస్తఫా నడుస్తూ ఆ లావు వరసల మీదుగా వెళ్లినప్పుడల్లా నల్లగీత ఉబ్బుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. 1080 వరసల తెరకి అడ్డంగా మూడింతలు, నిలువుగా నాలుగింతలు చేసి 1152×896 పెట్టండి. అసలు కొలత కన్నా మూడున్నర శాతం సన్నం, కంటికి ఆనదు, గీతలన్నీ ఒకే మందంలో వస్తాయి. లేదంటే ముందు 1536×896కి నిక్కచ్చిగా పెంచి, తర్వాత బైలీనియర్‌తో, అంటే పక్క పిక్సెళ్ల రంగుల్ని కలిపే పద్ధతితో, వెడల్పుని 1195కి కుదించాలి. కొలత సరిగ్గా వస్తుంది, అంచులు కొద్దిగా మెత్తబడతాయి. కామిక్ గీతలకి మాకు మొదటిదే నచ్చుతుంది.

పాత ట్యూబ్ వరసల మధ్య కనిపించే నల్ల చారల్ని అనుకరించే స్కాన్‌లైన్ ఫిల్టర్ వేసేవాళ్లు ఎత్తు పూర్ణసంఖ్య రెట్లలో ఉందో లేదో చూసుకోవాలి. నాలుగింతలైతే ప్రతి నాలుగు వరసల్లో ఒకటి ముదురుగా పడుతుంది. 1080 వరసల్ని పూర్తిగా నింపే 4.8 రెట్లయితే తెరంతా చారలు అలల్లా తేలతాయి. ప్యాక్-మ్యాన్‌కి ఇంకో మెలిక ఉంది. ఆ పెట్టెలో ట్యూబ్‌ని పక్కకి తిప్పి బిగించారు కాబట్టి అసలు స్కాన్‌లైన్లు నిలువుగా ఉంటాయి. ఫిల్టర్‌ని 90 డిగ్రీలు తిప్పకుండా వేస్తే ఏ పెట్టెలోనూ ఎప్పుడూ కనిపించని బొమ్మ వస్తుంది.