కాళ్లు లేనిది విషాన్ని ఎట్లా దాటుతుంది?

అనంతపురం,
ఆదివారం పొద్దున.

చిన్నోడికి, బుజ్జమ్మకు,

మీ అబ్బ ఆశీస్సులు. మీరు బెంగళూరు చేరినారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీరు లేక ఇల్లు బోసిపోయింది.

సెలవుల్లో మీ అవ్వ బన్నులు చేస్తానని గోరువెచ్చని నీళ్లల్లో చక్కెర కలిపి, పొట్లంలోని ఈస్ట్ పలుకులు చల్లింది గుర్తుంది కదా. మీరిద్దరూ గిన్నె మీదికి వంగి కూర్చున్నారు. కాసేపు ఏమీ జరగలేదు. పది నిమిషాలకు అంచుల వెంబడి బుడగలు లేచినాయి, ఆ తర్వాత మీగడలాగా నురుగు కట్టింది. "అవ్వా, ఇది ఊపిరి తీసుకుంటాంది!" అన్నాడు చిన్నోడు. బుజ్జమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరుకు, "దీంట్లో ఎవరన్నా విషం పోస్తే? పారిపోడానికి పాపం దీనికి కాళ్లు కూడా లేవే" అనింది.

ఆ పూట నేను జవాబు చెప్పలేదు. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనోణ్ణి, ఇంత మంచి ప్రశ్నకు నడుస్తూ నడుస్తూ జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఈస్ట్ ఒంటికణం జీవి. వెయ్యి కణాలను వరసగా పేరిస్తే అర సెంటీమీటరు పొడవు వస్తుంది, అంతే. ఈత కల్లు మీద నురుగు తెప్పించేది కూడా ఈ కుటుంబమే. ఆ ఒక్క కణంలో 16 క్రోమోజోములు, దాదాపు 6,000 జన్యువులు ఉన్నాయి. కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట జన్యుక్రమం మొత్తం చదివింది దీనిదే, 1996లో.

విషం అన్నావు కాబట్టి, కథల్లో రాజులకు పెట్టే పాషాణాన్నే తీసుకుందాం. దాంట్లో ఉండేది ఆర్సెనిక్. కథల్లోనే కాదు, నేల అడుగున రాళ్లల్లోనూ మట్టిలోనూ ఉంటుంది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో బోరు నీళ్లు తాగినవాళ్ల ఒంటి మీద మచ్చలకు కారణం ఇదేనని 1983లో బయటపడింది. తాగే నీళ్లల్లో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. అంటే లక్ష లీటర్లకు ఒక్క గ్రాము. మన మిద్దె మీది ట్యాంకులు వంద కలిపితే ఎంతో, అన్ని నీళ్లల్లో చిటికెడు!

ఈ విషం ఈస్ట్ లోపలికి రెండు వేషాల్లో వస్తుంది. ఒకటి ఆర్సెనేట్. అది అచ్చం ఫాస్ఫేట్ మాదిరే ఉంటుంది. మీ పుస్తకం వెనక ఆవర్తన పట్టికలో చూడండి, ఫాస్ఫరస్‌కు సరిగ్గా కింది గడిలోనే ఆర్సెనిక్ ఉంది. ఫాస్ఫేట్ లేకుండా ఏ కణమూ బతకదు, అందుకని దానికోసం తెరిచిన దారిలోనే ఇదీ దూరుతుంది. రెండోది ఆర్సెనైట్. అది గ్లిసరాల్ పోయే దారిలో వస్తుంది. ఆ దారి పేరు ఎఫ్‌పీఎస్-1. ఆర్సెనైట్ తగలగానే హాగ్-1 అనే ప్రోటీన్ ఆ దారిని బిగించేస్తుంది. అయినా అప్పటికే కొంత విషం లోపల చేరి ఉంటుంది. దాన్ని బయటికి పంపాలి.

ఆ పని చేసే మూడు జన్యువులు 16వ క్రోమోజోము చివర పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఏసీఆర్-1, 2, 3 అంటారు. పోలండ్, బెల్జియం శాస్త్రవేత్తలు 1997లో వీటిని కనిపెట్టినారు. ఏసీఆర్-3 తయారుచేసే ప్రోటీన్ కణం పొరలో కూర్చుని ఆర్సెనైట్‌ను బయటికి తోడే మోటారు. అయితే విషం లేని రోజుల్లో ఈ మోటారుతో పనేముంది? ఊరికే తయారుచేసుకుంటే శక్తి దండగ. కావాల్సినప్పుడే తయారు కావాలి, అదీ ఆలస్యం కాకుండా. మరి ఆ వేళ వచ్చిందని కణానికి ఎవరు చెప్పాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఏసీఆర్-1 తయారుచేసే ప్రోటీన్‌ను యాప్-8 అని కూడా అంటారు (ఫోన్లో ఉండే యాప్ కాదు). దాని పని మిగతా రెండు జన్యువుల మీట నొక్కడం. ఏసీఆర్-2, ఏసీఆర్-3 రెండూ ఉమ్మడి గోడకు అటొకటి ఇటొకటి కట్టిన ఇళ్లలాగా వీపులు ఆనించుకుని ఉంటాయి. మీట మధ్యలో ఉంటుంది, ఒక్కసారి నొక్కితే రెండిళ్లల్లోనూ దీపం వెలుగుతుంది. యాప్-8 విషం రాకముందు నుంచే ఆ మీట దగ్గర కాచుకుని ఉంటుంది. కణం దాన్ని తయారుచేస్తూ, వెంటవెంటనే కరిగించేస్తూ ఉంటుంది, ఎక్కువ పోగుపడనీయదు.

యాప్-8 అంటే 294 అమైనో ఆమ్లాల దండ. అందులో 132, 137, 274 స్థానాల్లో సిస్టీన్‌లు ఉన్నాయి. సిస్టీన్ అంటే కొసన గంధకం ఉన్న అమైనో ఆమ్లం. ఆర్సెనిక్‌కు గంధకమంటే ప్రాణం. పాతకాలం ఆయుర్వేదం అంగళ్లలో తాళకం అని పసుపుపచ్చని రాయి ఉండేది, అది ఆర్సెనిక్, గంధకం కలిసి పుట్టిందే. మనుషుల వెంట్రుకల్లో, గోళ్లల్లో ఈ విషం పేరుకునేది కూడా అక్కడ గంధకం ఉన్నందుకే. ఆర్సెనైట్ లోపలికొచ్చి ఆ మూడు గంధకాలనూ ఒకేసారి పట్టుకుంటుంది. పట్టుకోగానే యాప్-8 రూపం మారుతుంది, మీట పడుతుంది. కరిగిపోవడం కూడా ఆగి, కణంలో యాప్-8 పెరుగుతుంది. ఇంకెవరూ వచ్చి కబురు చెప్పక్కర్లేదు, విషమే స్వయంగా కావలివాణ్ణి తట్టి లేపుతుంది! ప్రయోగశాలలో ఆ సిస్టీన్‌లను మార్చి చూస్తే యాప్-8కు విషం వచ్చిందన్నదే తెలియలేదు, ఈస్ట్ తట్టుకోలేకపోయింది.

ఇక ఏసీఆర్-2 చేసే పని మొదటిసారి చదివినప్పుడు నాకు అసలు మింగుడుపడలేదు. అది ఆర్సెనేట్‌ను ఆర్సెనైట్‌గా మారుస్తుంది. రెండింటిలో ఎక్కువ ప్రమాదకరమైంది ఆర్సెనైటే! ఎవరన్నా చిన్న విషాన్ని పెద్ద విషంగా మార్చుకుంటారా? రెండు రోజులు ఆలోచించినా. ఏసీఆర్-3 ఆర్సెనేట్‌ను తోడలేదు, ఆర్సెనైట్‌ను మాత్రమే తోడగలదు. ఒకవేళ ఆర్సెనేట్‌ను తోడే మోటారే ఉంటే, అచ్చం దానిలాగే ఉండే ఫాస్ఫేట్ కూడా వెంట కొట్టుకుపోదా? అప్పుడు ఇంట్లో దొంగతో పాటు ఇంటివాళ్లనూ గెంటినట్లే. వేషం తీయించి గెంటడమే మేలని నాకు తోచింది.

మిగిలిన విషానికి ఇంకో దారి ఉంది. గ్లూటాథయోన్ అనే చిన్న అణువు, దానికీ గంధకం ఉంది, ఆర్సెనైట్‌ను చుట్టేస్తుంది. వైసీఎఫ్-1 అనే ప్రోటీన్ ఆ మూటను కణంలో ఉండే రిక్తిక అనే సంచిలోకి తోసి మూస్తుంది. ఈ ఏర్పాట్లను చూసుకునేది యాప్-8 చుట్టమైన యాప్-1.

మన అనంతపురం బిడ్డలకు ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి "అబ్బా, నువ్వు పళ్లు తోముకోవా?" అని నవ్వేవాళ్లు కదా. చిన్నప్పుడు మా ఊరి బావి నీళ్లు తాగినందుకు పడిన చారలవి. ఇక్కడి నల్లరాతి నేలలో ఉండే ఫ్లోరైడ్ నీళ్లల్లోకి దిగుతుంది. మా ఈడువాళ్లల్లో కొందరికి పళ్లతో ఆగలేదు, ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోయింది. వాళ్ల మొహాలు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. 1990లలో సత్యసాయి నీటి పథకం పైపులు పల్లెలకు వచ్చేదాకా చాలా ఊళ్లకు వేరే నీళ్లు లేవు.

ఆ ఫ్లోరైడ్‌కు కూడా ఈస్ట్ దగ్గర దారి ఉంది. ఫెక్స్ అనే ప్రోటీన్ దాన్ని బయటికి పంపుతుందని 2013లో తేలింది. అయితే ఇది యాప్-8 లాంటి కావలి కోసం ఎదురుచూడదు. ఫ్లోరైడ్ ఉన్నా లేకున్నా ఎప్పుడూ తయారై పొరలో కూర్చునే ఉంటుంది. ఒకే కణం ఒక విషానికి పిలిస్తే వచ్చే కాపలాను, ఇంకో విషానికి రాత్రింబగళ్లు ఉండే కాపలాను పెట్టుకుంది. నాకు ఇది తెలిసిన రోజు సంతోషం పట్టలేక మీ అవ్వను వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పినా.

మనకు ఏసీఆర్-3 లేదు బుజ్జమ్మా. వరికీ లేదు. తడిపొలంలో ఆర్సెనిక్ ఉంటే అది గింజల్లోకి చేరుతుంది. అందుకని శాస్త్రవేత్తలు ఈస్ట్‌లోని ఏసీఆర్-3 జన్యువును వరిలో పెట్టి చూసినారు. వేర్లు ఆర్సెనైట్‌ను బయటికి తోసేసినాయి, గింజల్లో విషం తగ్గింది. ఆ సంగతి 2012లో అచ్చయింది.

దసరాకు తప్పకుండా రండి. మిగిలిన ఈస్ట్ పొట్లాన్ని అవ్వ డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచింది. నా పాత మైక్రోస్కోపు అద్దాలు తుడిచి పెట్టినా. చక్కెర నీళ్లల్లో బాగా మేపితే గంటన్నర, రెండు గంటలకు ఒక్కో కణం ఒక పిల్లను మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గను చిన్నోడే ముందు చూస్తాడో, బుజ్జమ్మే చూస్తుందో చూద్దాం.

ఇట్లు,
మీ అబ్బ