మరమగ్గం చీర గొడవ: 1813లో ఏం జరిగిందో చూస్తే అర్థమవుద్ది

మరమగ్గం మీద నేసిన చీర తెచ్చి చేనేత అని అమ్మేస్తున్నారని బండారులంక, పులగుర్త, ఉప్పాడ నేతన్నలు మళ్లీ గోల పెడుతున్నారు. కొట్టువాళ్లేమో కస్టమర్ రేటే చూస్తాడు, మేమేం చేస్తాం అంటున్నారు. గోదావరి మీద ఆనకట్ట, దాన్ని కట్టించిన కాటన్ దొర కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా, ఈ గొడవకి వేరు దానికంటే ముందే పడింది.

నరసాపురం పక్కన మాధవాయపాలెం (ఇంగ్లీషోళ్లు మడపోలం అనేవాళ్లు), యానాం దగ్గర ఇంజరం, ఈ రెండు చోట్లా ఈస్టిండియా కంపెనీ గుడ్డ కొని ఓడలకెక్కించేది. నేతగాడికి ముందే అడ్వాన్స్ ఇచ్చి, ఆ బాకీ తీరేదాకా ఇంకెవరికీ నెయ్యడానికి వీల్లేదనేవాళ్లు, రేటూ వాళ్లు చెప్పిందే. అంత పీడించినా మగ్గం ఆగలేదు, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఆ గుడ్డకి గిరాకీ అలా ఉండేది.

1779లో క్రాంప్టన్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రంతో అక్కడ సన్న నూలు తీయడం వచ్చింది, 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నాడు, అందుకే మనవాళ్లు ఓడిపోయారని పుస్తకాల్లో రాస్తారు. నాకైతే అది సగం కథే అనిపిస్తది. యంత్రానికి చట్టం కాపలా కాసింది. అద్దకం కాలికో (నూలు) గుడ్డలు కట్టుకోకూడదని ఇంగ్లండ్ 1721లోనే చట్టం చేసుకుంది, ఆ గోడ చాటునే వాళ్ల మిల్లులు ఎదిగాయి. 1813లో ఇండియా వర్తకం మీద కంపెనీ గుత్తాధిపత్యం తీసేశారు, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లుల గుడ్డ మన రేవుల్లో నామమాత్రం సుంకంతో దిగింది, మన గుడ్డకి మాత్రం అక్కడ భారీ సుంకం, పైగా మద్రాసు ప్రెసిడెన్సీలో మగ్గం మీద మోతర్ఫా (చేతివృత్తుల వాళ్ల మీద వేసే) పన్ను వేరే! 1833 చట్టంతో కంపెనీ అసలు వర్తకమే మానేసింది, సరిగ్గా ఆ ఏడే కరువు కూడా వచ్చిపడింది. ఆర్డర్ లేని నేతగాడు బియ్యం దేంతో కొంటాడు?

ఇంకో సంగతి, మడపోలం అన్న మన ఊరి పేరుతోనే ఇంగ్లండ్ మిల్లులు గుడ్డ నేసి దేశదేశాలకీ అమ్మాయి. ఇవాళ్టి లేబుల్ మోసం అప్పటిదే.

1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా మొత్తం వరికి తిరిగింది. గుడ్డ ఎగుమతి చేసిన సీమ బియ్యం పండించి మిల్లు గుడ్డ కొనుక్కునే సీమైంది. దేశం సంగతీ అంతే, పత్తి ఓడెక్కి పోతే గుడ్డ ఓడ దిగింది.

ఇప్పుడున్న రక్షణ 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం. మరమగ్గాల వాళ్లు కోర్టుకెళ్తే 1993లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందనే చెప్పింది. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ లాంటి 11 రకాలు చట్టంలో చెప్పిన తీరులో మరమగ్గం మీద నెయ్యకూడదు. మరమగ్గం కార్మికుడిదీ కూలి బతుకే, కాదనను. కానీ ఈ చట్టం పట్టుకునేది నేసే చోట, చీరేమో ఎక్కడో బయటి రాష్ట్రంలో తయారై ఇక్కడ కొట్లో అమ్ముడవుతోంది, అందుకే తనిఖీలు కొట్ల దగ్గరే జరగాలని, చేనేత మార్క్ (అసలైన చేనేత అని చెప్పే ప్రభుత్వ గుర్తు) లేకుండా చేనేత అని బిల్లు రాసినవాళ్ల మీద కేసు పెట్టాలని నేతన్నలు అడుగుతున్నారు.